పరీక్ష పట్టీపై ఎర్రగీత

పత్తివిత్తనము నిజముగా బీటీ విత్తనమేనా అని తెలిసికొనుటకు వాడు వ్రేలెడు పొడవు పట్టీని మీలో కొందరు చూచియే యుందురు. లేత ఆకు ముక్కను చిన్న గొట్టములోని ద్రవములో నలిపి, పట్టీ మొనను అందులో ముంచినచో, కొన్ని నిమిషములలో దానిపై ఎర్రని గీతలు తేలును. నాగపూరులోని కేంద్రీయ పత్తి పరిశోధనా సంస్థవారు ఇట్టి పట్టీని తయారుచేసిరి. మందుల దుకాణములలో అమ్ము గర్భనిర్ధారణ పట్టీలు, కోవిడు కాలములో ఇండ్లవద్ద వాడిన పట్టీలు పెక్కు ఈ జాతివే. ఆ గీత సిరా కాదు. అది బంగారము.

పసుపుపచ్చగా మెరయు బంగారము ఎర్రగా కనిపించుట ఎట్లు? ఆ పట్టీలోని బంగారు కణము మిక్కిలి చిన్నది. దాని అడ్డుకొలత సుమారు 40 నానోమీటర్లు. అట్టి కణములు 25,000 ప్రక్కప్రక్కన పేర్చినగాని ఒక మిల్లీమీటరు కాదు. లోహములో ఎలక్ట్రానులు స్వేచ్ఛగా కదలుచుండును. ఇంత చిన్న కణములో అవి బిందెలోని నీటివంటివి. బిందె మోయునప్పుడు అడుగుల లయ నీటి ఊపుతో కలసినచో నీరు తొణకును, కలియనిచో తొణకదు. వెలుగు కూడ ఒక అల. ఆకుపచ్చ వెలుగు లయ ఈ బంగారు కణములోని ఎలక్ట్రానుల ఊపుతో సరిపోవును. కనుక కణము ఆ వెలుగును మ్రింగివేయును. మిగిలిన ఎరుపు మన కంటికి చేరును.

చిన్న పాత్రలో నీరు త్వరత్వరగా ఊగును. వెడల్పు గంగాళములో మెల్లగా ఊగును. కణములు రెండు మూడు అంటుకొన్నప్పుడు జరుగునది ఇదియే. ఊపు మందగించి, కణముల గుంపు నారింజ, ఎరుపు వెలుగులను మ్రింగును. అప్పుడు రంగు ఊదాకు, పిదప నీలమునకు తిరుగును. ఎర్రని బంగారు ద్రవములో ఉప్పు వేసినచో కనుల ఎదుటనే నీలమగును. వెండి కణముల ఊపు మరింత వేగము. అవి పసుపుగా కనిపించును.

రోమను పనివారు 4వ శతాబ్దములో చేసిన ఒక గాజుపాత్ర బ్రిటిషు మ్యూజియములో ఉన్నది. బయటినుండి వెలుగు పడినప్పుడు ఆకుపచ్చగాను, లోపల దీపముంచినప్పుడు ఎర్రగాను అగుపడును. గాజులో బంగారు, వెండి కణములు కలసియుండుటయే కారణము. 1857లో లండనులో మైకేల్ ఫారడే ఎర్రని బంగారు ద్రవమును చేసి, అందున్నది సన్నని బంగారమేయని చెప్పెను. 1908లో జర్మనీ శాస్త్రజ్ఞుడు గుస్టావ్ మీ ఈ రంగులకు లెక్క కట్టెను.

కణములను విడివిడిగా నిలుపుటయే ఇందలి కిటుకు. జిగురు, జెలాటిను, కొన్ని ప్లాస్టికులు ఆ పని చేయును, వానిని పాలిమరులందురు. పట్టీలో ఒక్కొక్క కణమునకు మాంసకృత్తు తొడుగు ఉండును. ఆ తొడుగులోనివే ప్రతిరక్షకములు. బీటీ మాంసకృత్తు ఎదురైనచో అవి దానిని పట్టుకొనును. పట్టీ నడిమి తెల్లని పొర నైట్రోసెల్యులోజు అను పాలిమరు. పత్తిగింజపై నూగులోనున్న సెల్యులోజునుండియే దీనిని చేయవచ్చును. పత్తిని పరీక్షించుటకు పత్తియే సాయపడుట వింతయే! ద్రవము దీపపు వత్తిలో నూనెవలె ఈ పొరలో ప్రాకును. మొదటి గీతవద్ద మరికొన్ని ప్రతిరక్షకములు కాచుకొని, బీటీ మాంసకృత్తుతో వచ్చిన బంగారమును ఆపును. రెండవ గీత పట్టీ పనిచేసినదని తెలుపు సాక్షిగీత. అది రానిచో ఆ పరీక్ష లెక్కలోనికి రాదు. మరియొక పట్టీ వాడవలెను.

కావున పత్తిపట్టీపై రెండు గీతలు వచ్చినచో, ఆ పట్టీ వెదకు బీటీ మాంసకృత్తు ఉన్నదని అర్థము. మొదటి గీత లేతగా ఉన్నను ఉన్నట్లే. ఒకటే గీత వచ్చినంతమాత్రమున విత్తనము కల్తీయని తగవునకు పోరాదు. ప్యాకెట్టులోనే కొంత బీటీ కాని విత్తనము కలిపి అమ్ము పద్ధతి కలదు. ఒక మొక్క ఆకు ఆ మొక్క సంగతినే చెప్పును. వేరువేరు మొక్కల ఆకులను వేరువేరు పట్టీలతో చూడవలెను. మొలకశాతము, దిగుబడి ఈ పట్టీకి తెలియవు.

వేరుశనగలో అఫ్లాటాక్సిను విషమును చూచు పట్టీలుకూడ ఉన్నవి. జాగ్రత్త! వీనిలో పెక్కింటియందు అర్థము తారుమారు. ఈ విషపు అణువు చాల చిన్నది. ఒకేసారి రెండు ప్రతిరక్షకములు దానిని పట్టజాలవు. అందుచే మొదటి గీతయందు విషమునే పూసియుంతురు. నమూనాలో విషము లేనిచో బంగారము ఆ గీతకు అంటుకొనును. విషమున్నచో బంగారపు చేతులు ముందే నిండి, గీత పలచబడును లేదా రాదు. ఇక్కడ రెండు గీతలు చక్కగా వచ్చుట మంచి గుర్తు. పత్తిపట్టీ అలవాటుతో చదివినచో చెడ్డకాయను మంచిదనుకొని ఇంట తినుటయు, మంచికాయను పారవేయుటయు జరుగును.

నేరుగా తిను వేరుశనగలో ఐరోపా దేశములు కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సినును అంగీకరింపవు. అనగా వెయ్యి టన్నులలో 4 గ్రాములు. బస్తాలో బూజుపట్టిన గింజలు కొన్నియే ఉండవచ్చును. గుప్పెడు గింజలు తీసి పరీక్షించుట దండుగ. పెక్కు బస్తాలలో పైనుండి, నడుమనుండి, అడుగునుండి తీసి, కలిపి, మెత్తగా నూరి, దానినుండి నమూనా తీయవలెను.

పట్టీ సంచిని వాడుటకు ముందే చింపరాదు. తేమ తగిలి పట్టీ చెడును. ఎండలో నిలిపిన మోటారుసైకిలు పెట్టెలో ఉంచరాదు. సంచిపై వ్రాసిన నిమిషములలోనే ఫలితము చదువవలెను. గంట గడచిన తరువాత తేలిన మసకగీతకు విలువ లేదు. విత్తనము విషయమున అనుమానము కలిగినచో లాటు నెంబరుగల ప్యాకెట్టును, కొన్న రసీదును, విత్తగా మిగిలిన గింజలను భద్రపరచి, వ్యవసాయ విస్తరణాధికారికి చూపవలెను. విత్తన పరీక్షాశాలకు పంపిన నమూనా ఫిర్యాదుకు ఆధారమగును.