ఫోను కొనే ముందు మీ ఇంటి రోజును చూసుకోండి

చీర కొనేటప్పుడు కొంగు విప్పించి వెలుగులో చూస్తాం. కుక్కరు కొనేటప్పుడు మూత నాలుగుసార్లు పెట్టి తీసి, పిడి బిగువు చూసి గానీ బిల్లు కట్టం. పావుకిలో వంకాయల్లో ఒక్క పుచ్చు వచ్చినా బండివాడిని మర్నాడు నిలదీస్తాం. అదేమిటో గానీ, పది పన్నెండు వేలు పోసి సెల్‌ఫోను కొనే రోజు మాత్రం “నాకేం తెలుసండీ, ఆయనో పిల్లలో చూస్తారు” అని కొట్టు గుమ్మంలోనే నిలబడిపోతాం! తీరా ఆ ఫోను పొద్దస్తమానం ఎవరి చేతుల్లో నలుగుతుందీ?

మా మాణికేశ్వర్ నగర్ ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని ఉన్న బస్తీ. వడ్డెర బస్తీ అంటేనే ఆటోవాళ్ళకు తొందరగా తెలుస్తుంది. ఇక్కడ సరదా కోసం ఫోను కొనేవాళ్ళు తక్కువ. కూలి పనికి పిలుపు ఫోన్లోనే, గ్యాసు బుకింగు ఫోన్లోనే, కూరగాయల బండి దగ్గర లెక్క తీర్చేదీ ఫోన్లోనే. 2020 సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో ఉన్న ఒక్క ఫోను కోసం పిల్లలు వంతులు వేసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచీ మన చీటీల డబ్బులో ఫోను కూడా ఒక పద్దు అయిపోయింది.

మా ఇంట్లో 2023 దసరాకు ఆ పద్దు వచ్చింది. జాకెట్లు కుట్టి, చీరలకు ఫాల్సు వేసి కూడబెట్టిన చీటీ అది. ఇంకో రెండేళ్ళ దాకా మళ్ళీ అంత డబ్బు ఒక్కసారి చేతికి రాదు. కొనేది ఒక్కటే ఫోను, వాడేది నేనూ మా పెద్దమ్మాయీ. నాలుగు కొట్లు తిరిగాక మిగిలినవి రెండు: రెడ్‌మీ 12 5జీ, శామ్‌సంగ్ గెలాక్సీ ఎం14 5జీ. రెండూ ఆ ఏడాది వచ్చినవే, రెండూ పదిహేను వేల లోపువే. ఇప్పుడు వీటి తర్వాతవి చాలా వచ్చేశాయి. మోడలు మారినా చూసుకోవాల్సినవి మారలేదు కనుక రాస్తున్నాను.

కొట్టు కుర్రవాడు గడగడా అంకెలు అప్పజెప్పాడు. వినగా వినగా తేలిందేమిటంటే సగం అంకెలు రెండింటికీ ఒకటే! వెనక కెమెరా దీనికీ 50 మెగాపిక్సెలే, దానికీ 50 మెగాపిక్సెలే. రెండూ 5జీయే. దాచుకునే చోటు రెండింటిలోనూ 128 జీబీ దొరుకుతుంది. బరువు చూస్తే రెండూ రెండొందల గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఒకేలా ఉన్నవాటి మీద గంట వాదించడం దేనికండీ? తేడా ఉన్నవేవో రాసుకుని ఇంటికి వచ్చేశాను.

క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు మా ఇంటి రోజును వరసగా రాశాను. పొద్దున నల్లా వచ్చే వేళ ఫోను డ్రమ్ము మూత మీద ఉంటుంది. ఎనిమిదింటికి అమ్మాయి డిగ్రీ కాలేజీకి తార్నాక వైపు పట్టుకుపోతుంది. మధ్యాహ్నం క్లాసులయ్యాక స్నేహితురాళ్ళతో క్యాంపస్ చెట్ల కింద నోట్సు చదువుకుంటుంది. చెట్టు కింద ప్లగ్గు ఎక్కడిది? ఆరింటికి ఇల్లు చేరుతుంది. అక్కడి నుంచి నా వంతు. జాకెట్ల డిజైన్లు వాట్సాప్‌లో వస్తాయి, డబ్బులు యూపీఐలో పడతాయి, తొమ్మిదింటికి అత్తమ్మ నల్గొండలో ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడాలి. అంటే పొద్దున ప్లగ్గు నుంచి తీసింది రాత్రి పదింటికి గానీ మళ్ళీ పెట్టం.

ఇలా రాసి చూసేసరికి సగం చిక్కు విడిపోయింది. రెడ్‌మీకి బ్యాటరీ 5000 ఎంఏహెచ్, గెలాక్సీకి 6000. ఎంఏహెచ్ అంటే ఏమీ లేదు, మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఎంత పెద్దదో చెప్పే లెక్కలాంటిది. ట్యాంకు పెద్దదైనా కొళాయిలు ఎక్కువ తిప్పితే ఖాళీ అవుతుందనుకోండి. కానీ మా కొళాయి పద్నాలుగు గంటలు ఇప్పే ఉంటుందాయె.

మరి రెడ్‌మీలో మంచి లేదా అంటే, బోలెడుంది. స్క్రీను కాస్త పెద్దది, 6.79 అంగుళాలు. గెలాక్సీది 6.6. “నోట్సు చదవడానికి ఇదే బాగుందమ్మా” అని అమ్మాయి దాని మీదే మనసు పడింది. ఛార్జరు డబ్బాలోనే ఇస్తారు. గెలాక్సీకి ఛార్జరు విడిగా కొనుక్కోవాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలిపే చూడాలి మనం. ఇంకోటి, రెడ్‌మీకి ఐపీ53 అని ఉంది. చిందిన నీటి తుంపరలకూ కొంతవరకు దుమ్ముకూ ఓర్చుకుంటుందని అర్థం. బకెట్లో పడినా బతుకుతుందని కాదు సుమా! టీవీ రిమోటులాగా పనిచేసే సదుపాయం కూడా దానికుంది. రిమోటు ఏ దిండు కింద పోయిందో వెతుక్కునే ఇళ్ళకు అది చిన్న సుఖం కాదు.

మా పక్కింటి వదిన అదే తీసుకుంది. ఆమె ఇంటిపట్టునే ఉండి కర్రీ పాయింటుకు వంటలు చేసిస్తుంది. “నా చెయ్యి ఎప్పుడు తడిగనే ఉంటది వదినా, ప్లగ్గేమో నా పక్కనే ఉంటది, నాకు పెద్ద బ్యాటరీతోని ఏం పని?” అంది. నూటికి నూరుపాళ్ళు నిజం. ఆమె రోజు వేరు, మా రోజు వేరు.

మా ఇంట్లో తూకం ఒరిగింది ఇంకో సంగతి దగ్గర. భద్రతా అప్‌డేట్లు నాలుగేళ్ళ దాకా ఇస్తామని గెలాక్సీ వాళ్ళు చెప్పారు. దొంగలు కొత్త మారుతాళాలు చేస్తుంటే, కంపెనీవాళ్ళు మన తాళాన్ని అప్పుడప్పుడూ బాగుచేసి ఇస్తూండటమే అప్‌డేటు. పాటలు వినడానికే ఫోనైతే దీన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు. నా కుట్టు డబ్బులు పడే బ్యాంకు ఖాతా అందులోనే ఉంది. ఆ ఖాతా నా పేరు మీద ఉన్నది ఒక్కటే. కొత్త ఫోను ఎన్నేళ్ళు వాడతానో అన్నేళ్ళూ తాళం గట్టిగా ఉండాలి కదా! మా ఆయన “నీ డబ్బు, నీ ఇష్టం” అన్నారు గానీ, రంగు మాత్రం తనే ఎంచారు.

కొట్లో చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మీ సిమ్ము తీసుకెళ్ళి అందులో వేయించి, ఒకరికి ఫోను చేసి మాట విని చూడండి. ఇరుకు గల్లీల్లో, స్లాబు గదుల్లో ఏ కంపెనీ సిగ్నలు అందుతుందో మీ వాడలో ముందే అడిగి పెట్టుకోవాలి. సిగ్నలు అందనిచోట 5జీ ఉండీ ఏం లాభం? ర్యాము 4 జీబీదీ 6 జీబీదీ ఉంటే, వెయ్యో పదిహేను వందలో కష్టమైనా 6 తీసుకోమనే నేను చెబుతాను. వేలిముద్ర తాళం ఈ రెండింటికీ పక్క బటన్లోనే ఉంటుంది, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ సబ్బు చేతులకూ పసుపు చేతులకూ మొరాయిస్తుంది. సిమెంటు పనికి వెళ్ళే మా బస్తీ ఆడవాళ్ళకు వేళ్ళ గీతలే అరిగిపోయి ఉంటాయి, వాళ్ళకు అది అక్కరకు రాదు. అంకెల తాళం పెట్టించుకోవడమే నయం. ఆ అంకెలు ఇంట్లో అందరికీ తెలిసినా ఫరవాలేదు గానీ, యూపీఐ పిన్ను మాత్రం ఎవరి ఖాతా వాళ్ళదే. డబ్బు మనకు రావడానికి పిన్ను కొట్టాల్సిన పనే లేదు. ఎవరైనా కొట్టమంటే ఫోను పెట్టేయండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

బిల్లు జాగ్రత్త చేయండి. స్టారు, హ్యాషు, సున్నా, ఆరు, హ్యాషు నొక్కితే ఐఎంఈఐ అని పదిహేను అంకెలు వస్తాయి, వాటిని బిల్లు మీదే రాసిపెట్టండి. ఫోను పోతే పోలీసులకు చెప్పి, 2023 మే నుంచి ఉన్న ‘సంచార్ సాథీ’లో ఆ అంకెలిస్తే దొరికినవాడు వాడుకోకుండా ఆపేస్తారు.

పాత ఫోను మార్పిడికిస్తే ఎనిమిది వందలు తగ్గిస్తానన్నాడు కొట్టతను. అత్తమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. స్క్రీను మూల పగిలినా అది ఇప్పుడు ఆమె దిండు పక్కనే ఉంటోంది. తొమ్మిదింటి వీడియో మాటలు అందులోకే మారిపోయాయి, మా కొత్త ఫోనుకు ఒక పని తగ్గింది.