ఓడలో వచ్చిన గడ్డి, రేవులో పుట్టిన గడ్డి

సౌతాంప్టన్ రేవుకు ఎదురుగా, నీటికి ఆవలి గట్టున హైత్ అనే చిన్న ఊరు ఉన్నది. సముద్రం వెనక్కు తీసినప్పుడు అక్కడ నల్లని బురదనేల బయటపడుతుంది. ఆ బురదలో బిరుసైన గడ్డి గుబురుగా పెరుగుతుంది. చూడటానికి అందమేమీ లేదు. అయినా వృక్షశాస్త్రం చదివేవారికి ఈ గట్టు ఒక యాత్రాస్థలం వంటిది. మేము బడిపిల్లలను తీసుకొని ఏటా సెప్టెంబరులో ఈ తీరానికి వెళ్ళేవాళ్ళం. చాలా ఏళ్ళు ఆ గడ్డికి తప్పు పేరు చెప్పాము. ఆ సంగతి చివర చెబుతాము.

ముందుగా, గడ్డి అంటే ఏమిటి? మన ఇళ్ళలో గరికను, దర్భను, తుంగను అన్నిటినీ గడ్డి అనే అంటారు. శాస్త్రం మాత్రం తుంగను వేరే కుటుంబంలో పెడుతుంది. తుంగ కాడను వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడ చాలావరకు గుండ్రంగా ఉండి, వెదురుకు వలె కణుపులు కలిగి ఉంటుంది. ఆకు అడుగుభాగం కాడను ఒరలాగా చుట్టుకొంటుంది. ఆకు ఆ ఒరను విడిచే చోట లోపలివైపు ఒక సన్నని పొర గాని, వెంట్రుకల వరుస గాని కనబడుతుంది. గడ్డిని గుర్తుపట్టేవారు మొదట చూసేది అక్కడే. మనిషిని ముఖం చూసి పోల్చుకొంటాము, గడ్డిని మెడ చూసి పోల్చుకోవాలి.

ఇక మన కథ. ఇంగ్లండు బురద తీరాలలో పూర్వం స్పార్టినా మారిటిమా అనే పొట్టి గడ్డి ఉండేది. 1829 నాటికే సౌతాంప్టన్ నీటి అంచున మరొకటి, స్పార్టినా ఆల్టర్నిఫ్లోరా, కనబడింది. అది అమెరికా తూర్పు తీరపు గడ్డి. ఓడ తూలకుండా అడుగున బరువుకోసం వేసే మట్టీ రాళ్ళతో కలిసి అది వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఎవరూ పిలిచి తెచ్చినది కాదు. 1870లో హైత్ వద్ద ఈ రెంటికీ చెందని ఒక గడ్డిని సేకరించారు. హెన్రీ గ్రోవ్స్, జేమ్స్ గ్రోవ్స్ అనే సోదరులు దానికి ఫ్రెడరిక్ టౌన్సెండ్ అనే వృక్షశాస్త్రజ్ఞుని పేర స్పార్టినా టౌన్సెండై అని నామకరణం చేశారు.

అది పై రెంటి సంకరం. ఈ మాట వ్రాయడానికి మేము కొంచెం తటపటాయించాము. తెలుగు తరగతిలో మాకు పాఠం చెప్పిన పెద్దాయన ‘సంకరం’ అన్న మాట బోర్డు మీద వ్రాసి, ‘ఇది ఇంట్లో ఎవరినీ అనకండి’ అన్నారు. తోటల బారకాసులలో తెలుగువారు అరవవారితోనూ, హిందీవారితోనూ వియ్యమందినప్పుడు ఆ మాట ఎంత బాధ పెట్టిందో ఆయనకు తెలుసు. శాస్త్రంలో దానికి నింద లేదు. ఇద్దరు వేరువేరు జాతుల తల్లిదండ్రులు ఉన్నారని మాత్రమే అర్థం.

ఈ సంకరానికి ఒక లోపం ఉంది. అమెరికా గడ్డి కణంలో 62 క్రోమోజోములు, ఇక్కడి గడ్డిలో 60. బిడ్డకు ఒకరి నుండి సగం, మరొకరి నుండి సగం వస్తాయి. విత్తనం కట్టాలంటే క్రోమోజోములు జతలు జతలుగా కలవాలి. జత సరిగా కుదరనప్పుడు పుప్పొడి పనికిరాదు. కంచరగాడిదకు పిల్లలు పుట్టనట్లే ఇదీ గొడ్డుదే. వేళ్ళు పాకి బురదలో విస్తరించగలదు గాని విత్తనం వేయలేదు.

కొద్దికాలానికే, 1892 నాటికి లిమింగ్టన్ వద్ద, దానిని పోలినదే గాని గింజ కట్టే గడ్డి కనబడింది. జరిగినదేమంటే, సంకరంలోని క్రోమోజోములు ఒకచోట రెట్టింపయినాయి. ప్రతి క్రోమోజోముకూ తనవంటి తోడు దొరికింది. ఆ విధంగా ఒక కొత్త జాతి పుట్టింది. తన తల్లిదండ్రులలో ఎవరితోనూ దానికి ఇక పొత్తు కుదరదు. క్యూ తోటలో పనిచేసిన సి. ఇ. హబ్బర్డ్ దానికి పెట్టిన పేరు, స్పార్టినా ఆంగ్లికా, 1978లో శాస్త్రోక్తంగా ప్రచురింపబడింది. ఆంగ్లికా అంటే ఇంగ్లండుది అని. తల్లి అమెరికాది, తండ్రి ఇక్కడిది అని 1990లలో తేలింది. పచ్చదనాన్నిచ్చే కణభాగంలోని జన్యుపదార్థం తల్లి నుండే వస్తుంది గనుక అది తెలిసింది.

ఇంత దూరం వెళ్ళకుండా మన ఇంటి గడ్డినే చూడవచ్చు. చెరకు కూడా గడ్డే. మన పెద్దలు నెటాల్‌లో నరికిన పాత చెరకులు తెగుళ్ళకు తట్టుకోలేకపోయాయి. 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం నెలకొన్నది. అక్కడ బార్బర్, వెంకట్రామన్ గార్లు తీపి చెరకును రెల్లుగడ్డితో కలిపారు. గోదావరి లంకలలో తెల్లగా పూసే ఆ రెల్లే. తరువాత కోయంబత్తూరులో కలిపిన గింజలు నెటాల్ చేరి, అక్కడి పరిశోధన కేంద్రంలో మొలిచి ఎన్‌కో 310, ఎన్‌కో 376 అయినాయి. ఎన్ అంటే నెటాల్, కో అంటే కోయంబత్తూరు. మా మేనమామ ఆ 376 చెరకు కట్టలు జీవితమంతా ఎత్తారు. అందులో రెల్లు ఉన్నదని చెబితే ఆయన నమ్మలేదు.

ఆంగ్లికాను అందరూ ఆదరించలేదు. మొదట అలలకు గట్లు కోసుకుపోకుండా దీనిని నాటారు. పూల్ రేవు నుండి అనేక దేశాలకు పంపారు. 1963లో చైనాకు కూడా వెళ్ళింది. అది అడ్డూ ఆపూ లేక వ్యాపించి, కొంగలూ ఉల్లంకి పిట్టలూ మేసే బురదను కప్పివేసింది. ప్రపంచంలోని నూరు చెడ్డ చొరబాటు జాతుల పట్టికలో నేడు దీని పేరున్నది. దానిని తప్పు అనలేము, ఆ పక్షులకు వేరే చోటు లేదు. అయితే ఇంగ్లండులో పుట్టి, ఇంగ్లండు పేరు మోస్తున్న గడ్డిని పట్టుకొని పరాయిది అనడం విన్నప్పుడు మాకు కొంచెం నవ్వు వస్తుంది.

ఇప్పుడు మా తప్పు. మేము పిల్లలకు గొడ్డు సంకరం అని చూపిస్తూ వచ్చిన గడ్డి పూకంకి ఒక అమ్మాయి చొక్కాకు రాసుకొని పసుపు అంటింది. ‘దీనికి మంచి పుప్పొడి ఉండదని మీరేగా చెప్పారు?’ అని అడిగింది. వెంటనే భూతద్దం తీసి చూశాము. పుప్పొడి సంచులు విచ్చుకొని ఉన్నాయి. ఆకు మెడ దగ్గర వెంట్రుకలు రెండు మిల్లీమీటర్లు దాటాయి. సంకరానికి అవి అంతకంటె పొట్టి, సంచులు విచ్చుకోవు. మేము చూపిస్తున్నది ఆంగ్లికా.

బడి ఆల్బంలో టౌన్సెండై అన్న పేరు కొట్టివేసి ఆంగ్లికా అని వ్రాశాము. 2014లో శాస్త్రజ్ఞులు స్పార్టినాలన్నిటినీ స్పోరోబోలస్ అనే పెద్ద ప్రజాతిలో చేర్చారు. 2019లో మరికొందరు పాత పేరే ఉండాలని వాదించారు. మా ముత్తాత పేరు ఓడ పట్టీలో ఒక విధంగా, తోట పుస్తకంలో మరొక విధంగా ఉన్నది గనుక మాకు ఇది కొత్త కాదు. ఆ కాగితం మీద స్పోరోబోలస్ ఆంగ్లికస్ అని పెన్సిలుతో వ్రాసి ఉంచాము.