అలక్ష్యశబ్ద విచారము

మహాభారతమున స్త్రీపర్వమును పఠించువారు గాంధారీవిలాపమును విశేషముగా స్మరింతురు. ఆ విలాపానంతరమున ధృతరాష్ట్రుఁడు ధర్మరాజు నడిగిన ప్రశ్న యొకటి కలదు. దానిపై పాఠకుల దృష్టి తఱుచుగా నిలువదు. ఈ యుద్ధమున పడినవా రెందఱని వృద్ధరాజు అడుగఁగా, ధర్మరాజు రెండు లెక్కలు చెప్పెను. సంస్కృతమూలము ననుసరించి మొదటిది హతుల లెక్క: 166 కోట్ల 20 వేలు. రెండవది అలక్ష్యుల లెక్క: 24,165.

అలక్ష్యుఁడనఁగా నెవఁడు? లక్షధాతువునకు చూచుట, గుర్తించుట యని యర్థము. కావున అలక్ష్యుఁడు కానరానివాఁడు, గుర్తింపరానివాఁడు. వానిని హతులలోఁ జేర్పక వేఱుగా లెక్కించుటయే యిచట గమనింపఁదగినది. ఇట్టి జ్ఞానము నీకెట్లు కలిగెనని ధృతరాష్ట్రుఁడు మరల నడుగఁగా, తీర్థయాత్రాకాలమున లోమశమహర్షి యనుగ్రహమున దివ్యచక్షువు లభించెనని ధర్మరాజు చెప్పెను. దివ్యచక్షువు గలవానికిని ఆ యిరువదినాలుగువేల పైచిలుకు వీరులు అలక్ష్యులుగనే మిగిలిరి. గాంధారియు వ్యాసవరమున దూరమునుండియే రణభూమిని గాంచెను. తన కుమారులు పడియున్న చోటులను చూపి యేడ్చెను. ఆమె దుఃఖము దుర్భరమే. అయినను చూపుటకొక చోటు కలదు. అలక్ష్యుని తల్లికి అదియును లేదు.

ఈ భేదము వ్యవహారమునందును గొప్పది. దేహము దొరకనివానికి పర్ణములతో ప్రతిమ చేసి దహించు విధి ధర్మశాస్త్రములందుఁ గలదు. 1872 నాటి సాక్ష్యచట్టము ఏడేండ్లవఱకు వార్త వినఁబడనివాఁడు బ్రదికియున్నాఁడని వాదించువారే దానిని నిరూపింపవలెనని విధించెను. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమమునను ఆ నియమము నిలిచినది. శాస్త్రమును చట్టమును సందేహమునకొక హద్దు కల్పించినవి. తల్లి మనస్సు ఆ హద్దు నంగీకరించుట వేఱుమాట.

మన ప్రాంతమునకు దగ్గఱి నిదర్శనము 1941వ సంవత్సరమునఁ గలదు. ఆ డిసెంబరు 8వ తేదీని మలయాదేశమున కోటబారు తీరమున జపానుసేనలు దిగినప్పుడు, అచటి విమానస్థలమును కాచుచున్న దళములలో హైదరాబాదు సంస్థానపు మొదటి పదాతిదళమొకటి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. వేలకొలఁది భారతసైనికులు చెఱపడిరి. బందీలను గూర్చిన 1929 నాటి జెనీవా ఒడంబడికపై జపాను సంతకము చేసినను దానిని ధ్రువపఱుపలేదు. బందీల పేళ్లు ఇండ్లకు చేరుట మిక్కిలి యాలస్యమయ్యెను. నాఁడు నగరమునకుఁ దూర్పున పల్లెలుగానున్న ఉప్పల్, నాచారములలో నొక తల్లి కొడుకు ఆ దళమున నుండెననుకొందము. ఆమెకు వచ్చు జాబులో "జాడ తెలియదు" అను మాట యుండును. చదువు రాని తల్లి దానిని బడిపంతులుచేఁ జదివించుకొని, చచ్చెనా బ్రదికెనా యని యాతనినే యడుగును. ఆ పంతులు చెప్పఁదగిన సత్యమైన మాట యొక్కటే: అలక్ష్యుఁడు.

ఇట్టివారిని వెదకుటకు 1914లో రెడ్‌క్రాసువారు జెనీవాలో నొక కార్యస్థానమును స్థాపించిరి. ఆ మహాయుద్ధకాలమున నచట సుమారు 70 లక్షల పేళ్లచీట్లు చేరెను. చీటితో వెదకుటకుఁ బేరొక్కటి చాలదు. మన పేళ్లను పరలిపిలో నొక్కొక్క గుమాస్తా యొక్కొక్క విధముగ వ్రాయును; ఇంటిపేరు ముందో వెనుకో తెలియదు. దళము, సంఖ్య, తండ్రిపేరు, ఊరు, ఇవి కలిసిననే మనిషి దొరకును. సింగపూరునందలి క్రాంజి స్మారకమున, సమాధి తెలియని 24,000 మందికిఁ బైగా వీరుల పేళ్లు చెక్కఁబడినవి. ఆ సంఖ్య భారతకవి లెక్కకు సమీపించుట యాదృచ్ఛికమే. అయినను చదువరి మనస్సును కలఁచును. 1977 నాటి జెనీవా అనుబంధపత్రము తమవారి గతిని తెలిసికొనుట కుటుంబములకు హక్కని పేర్కొనెను.

కావున పండితులకొక మనవి. యుద్ధవార్తలను తెనిఁగించునపుడు జాడదప్పినవానిని మృతుఁడని వ్రాయరాదు. క్షేమముగా నున్నాఁడనియు సూచింపరాదు. ఆ రెంటిలో నేది వ్రాసినను, కబురుకొఱకు ఎదురుచూచు తల్లికి అపచారము చేసినవారమగుదుము. తమ గ్రామములనుండి యుద్ధములకుఁ బోయి మరలిరానివారి పేళ్లను తండ్రిపేరుతోను ఇంటిపేరుతోను వ్రాసి యుంచుట బడిపంతుళ్లు చేయఁగల పని. ధర్మరాజు రెండవ లెక్కను మఱచిపోలేదు, మనమును మఱువరాదు.