తోరణానికి వంద మీటర్ల లోపు

తెలంగాణ రాజముద్రలో కనిపించే కాకతీయ తోరణం నేల మీద నిలబడి ఉన్నది ఖిలా వరంగల్‌లో. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, నడుమ కూలిపోయిన స్వయంభూ శివాలయం రాళ్లు. చూడవచ్చినవాళ్లు తోరణం కింద ఫోటో దిగి, ఖుష్‌మహల్ చూసి, ఏకశిల గుట్ట ఎక్కి వెళ్లిపోతారు. ఆ పక్కనే ఊరుందని చాలామంది గమనించరు. పడమరకోట, మధ్యకోట, తూర్పుకోట అని పిలుచుకునే వాడల్లో తరతరాలుగా కుటుంబాలు ఉంటున్నాయి. వాళ్ల పొలాలు కూడా కోట గోడల మధ్యే ఉన్నాయి.

ఈ ఊళ్లో ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోవడానికి వీల్లేదు. 1992 జూన్ 16న వచ్చిన నోటిఫికేషన్ నుంచి ఇదే మాట. రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల వరకు కొత్త కట్టుబడి నిషేధం. దాని తర్వాత మరో రెండు వందల మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. 2010లో రక్షిత కట్టడాల చట్టాన్ని సవరించి దీన్ని ఇంకా గట్టిపరిచారు. మీరితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1992 నోటిఫికేషన్ వచ్చిన ఏడాది పుట్టిన పిల్లలు ఇవాళ పిల్లల తల్లిదండ్రులయ్యారు. వాళ్లలో చాలామంది ఇంకా తాతల నాటి ఒక్క గదిలోనే ఉన్నారు.

ఒక్క గుడి పక్కన వంద మీటర్లంటే ఊరికి ఓ మూల పోతుంది, సర్దుకోవచ్చు. ఖిలా వరంగల్ అలా కాదు. నలభై ఐదు బురుజుల రాతికోట, చుట్టూ కందకం, దాని అవతల మట్టికోట, లోపల తోరణాలు, ఖుష్‌మహల్, చిన్న చిన్న గుళ్లు, బావులు. ఒక్కోదాని చుట్టూ వంద మీటర్ల గీత గీసి చూడండి, గీత మీద గీత పడుతుంది. వాటి నడుమ ఇళ్లకు మిగిలే చోటు ఎంత?

వానాకాలం వస్తే ఇక్కడి ఇళ్లలో మొదలయ్యేది తడిసిన గోడల గురించిన భయం. మిరుగు రాకముందే తాడిపత్రి కొని పైకప్పు మీద కప్పి, గాలికి లేవకుండా రాళ్లు పెడతారు. కింద ఎక్కడ కారుతుందో ఇంటివాళ్లకు తెలుసు, అక్కడ బిందె, ఇక్కడ బకెట్. బియ్యం డ్రమ్ము ఎప్పుడూ ఒకే మూలన ఉంటుంది, ఆ మూల మాత్రమే కారదు కాబట్టి. మట్టిగోడ అడుగు ఉబ్బితే ఆ రాత్రి పిల్లల్ని ఇంకో ఇంట్లో పడుకోబెడతారు. ఈ పని ఒక ఏడాది చేసింది కాదు. ముప్పై ఏళ్లకు పైగా ప్రతి వానాకాలమూ ఇదే.

“నేను కాపురానికొచ్చిననాడు గీ మట్టిగోడనే ఉండె, ఇప్పుడూ గదే,” అంటుంది అరవై దాటిన ఒక అవ్వ. “మా అత్త పొయ్యింది, మా ఇంటాయన పొయ్యిండు. గోడ మీద చెయ్యి వెయ్యనీయరు. అదే కూలి మీద పడితే మాత్రం ఎవ్వలడుగుతరు బిడ్డా?”

మరమ్మతుకు చట్టం ఒప్పుకుంటుంది, నిజమే. కానీ కాగితం మీద మరమ్మతు అంటే ఉన్నదాన్ని సరిచేయడం. కూలినదాన్ని అదే కొలతలతో మళ్లీ లేపినా అది పునర్నిర్మాణం అవుతుంది, నిషిద్ధ ప్రాంతంలో దానికి చోటు లేదు. మట్టిగోడ ఇంటికి ఈ తేడా ఎక్కడ తెగుతుంది? సగం గోడ కూలితే మరమ్మతా, మొత్తం కూలితే పునర్నిర్మాణమా? పైగా ఆ మరమ్మతు అనుమతికి కూడా ఇల్లు పాతదని రుజువు చూపాలి, నక్షా గీయించాలి, ఇంటి కాగితాలు పెట్టాలి. చాలా ఇళ్ల కాగితాలు ఎప్పుడో పోయిన తాత పేరు మీదే ఉన్నాయి. గూనపెంకులు సర్దే పనివాళ్లు దొరకడం మానేసి చాలా కాలమైంది. రేకులు వేస్తే రూపం మారిందంటారేమోనని భయం. అందుకే తాడిపత్రి. ఏటేటా కొత్త తాడిపత్రి.

ఇల్లు కట్టుకోలేని కష్టం ఇంట్లోనే ఆగదు. పిల్ల పెళ్లి చేయాలంటే ఇల్లు పెట్టి అప్పు తెచ్చే దారి లేదు, అనుమతి లేని చోటికి బ్యాంకు రాదు. జాగా అమ్ముదామంటే కొనేవాడు మొదట అడిగేది గీత లోపలా, బయటా అని. సర్కారు ఇళ్ల పథకాలు వచ్చినప్పుడు సొంత జాగా ఉన్నవాళ్లను కట్టుకొమ్మంటారు. వీళ్లకు సొంత జాగా ఉంది, కట్టే వీలే లేదు. “పిల్లనిచ్చేటోళ్లు ముందుగాల ఇల్లు జూస్తరు. ఒక్క అర్ర జూసి, మళ్ల జెప్తమని పోతరు,” అంటాడు ఓ కూరగాయల రైతు. పెళ్లయిన కొడుకులు రంగశాయిపేటకో, శివనగర్‌కో కిరాయికి పోతారు. పొలం కోటలో, కాపురం బయట. తెల్లవారకముందే బండి మీద వచ్చి తోటకు నీళ్లు పెట్టి, కాయ తెంపి, మార్కెట్‌కు పోతారు. తల్లిదండ్రులు మాత్రం ఆ పాత గోడల నడుమే మిగిలిపోతారు. ఇల్లు ఇలా రెండుగా చీలడం ముప్పై ఏళ్లుగా సాగుతోంది.

ఈ ఊరి నిర్మాణం మీద పరిశోధన తక్కువేమీ జరగలేదు. గుండ్రటి కోట నగరం, నాలుగు దిక్కుల ద్వారాల నుంచి వచ్చే బాటలు, నడిమధ్యన దేవాలయం. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఈ నగర రచన దక్కనులోనే అరుదైనదని పండితులు రాశారు. ద్వారాల దగ్గర శత్రువును తికమకపెట్టడానికి కట్టిన మెలికల మలుపుల్లోంచే ఇవాళ్టికీ ట్రాక్టర్లు, ఆటోలు పోతుంటాయి. వాస్తుశిల్ప విద్యార్థులు టేపులు పట్టుకుని వస్తారు, తోరణాలను కొలుస్తారు, బురుజులను గీస్తారు. ఊరివాళ్లు వాళ్లకు మంచినీళ్లిస్తారు, దారి చూపుతారు. వారసత్వ నగరాల కోసం 2015లో మొదలైన హృదయ్ పథకానికి ఎంచుకున్న 12 నగరాల్లో వరంగల్ ఒకటి. సాయంత్రమైతే సౌండ్ అండ్ లైట్ షోలో కాకతీయుల వైభవం మైకులో వినబడుతుంది. ఇన్ని కొలతల్లో ఇక్కడి ఒక వంటింటి కొలత ఎన్నడైనా ఉందా? ఒక్కో ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, ఎన్ని గోడలు పడిపోయే స్థితిలో ఉన్నాయి, ఎన్ని ఇళ్లకు మరుగుదొడ్డి లేదు, ఈ లెక్క రాళ్ల లెక్క కంటే చిన్నదేం కాదు. 1323లో కాకతీయుల రాజధానిగా ఈ కోట పడిపోయినా ఆ బాటల మీద ఇవాళ్టికీ జనం నడుస్తున్నారు, ఆ నేలలో ఇవాళ్టికీ పంట తీస్తున్నారు. నగరమంటే గోడలూ జనమూ కలిసే కదా.

ఓ ఇంటి వాకిట్లో గడప పక్కన నల్లబండ ఒకటి ఉంది. దాని అంచున చెక్కిన హంసల వరుస సగం అరిగిపోయింది. ఆ ఇంటి ఆడమనిషి రోజూ దాన్ని కడిగి పసుపు పెడుతుంది, పండక్కి ముగ్గేస్తుంది. అది ఎప్పటిదో, ఏ గుడిదో ఆమెకు తెలియదు. కానీ ఆ బండను జాగ్రత్త చేసింది ఆమే, ఆమెకు ముందు ఆమె అత్త. ఇలాంటి మనుషులనే కోటకు ప్రమాదమన్నట్టు చూడటం అన్యాయం. భయం వల్ల కోటకే నష్టం కూడా. గుంట తవ్వితే చెక్కిన రాయి బయటపడుతుందనుకోండి, చెబితే ఉన్న జాగా కూడా పోతుందన్న దిగులున్న మనిషి ఏం చేస్తాడు? మట్టి కప్పేస్తాడు. తన ఇల్లు భద్రమని నమ్మకం ఉంటే అదే మనిషి పిలిచి చూపిస్తాడు.

ఖాళీ చేయిస్తారన్న దిగులు ఊరికే పుట్టింది కాదు. 2011లో హంపిలో విరూపాక్ష గుడి ముందరి బజారులో ఏళ్లుగా బతికిన కుటుంబాలను లేపేసిన సంగతి ఇక్కడికీ చేరింది. కొత్త పథకం పేరు వినబడినప్పుడల్లా ఇక్కడ మొదటి ప్రశ్న “మమ్ముల లేపుతరా?” అనే.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మురుగుకాలువలు కట్టడం, శుభ్రం చేయడం, ప్రజల కోసం మరుగుదొడ్లు, తాగునీటి పనులు, కరెంటు, వీటిని చట్టం నిషేధించిన కట్టుబడి కింద లెక్కించనే లేదు. ఆ మాట నిర్వచనంలోనే రాసి ఉంది. అంటే వాడలో మురుగు నిలిచి, దోమలు ముసిరి, పిల్లలు జ్వరాల పాలవడానికి తోరణం కారణం కాదు. కోట లోపల ఏదీ కుదరదని ముప్పై ఏళ్లుగా చెప్పుకొచ్చిన సాకు కారణం. 2010 సవరణలో ప్రతి రక్షిత కట్టడానికీ దాని పరిసరాలకు తగిన నియమాలను విడిగా రాయాలని కూడా ఉంది. ఇంటి ఎత్తు, ముఖభాగం, మురుగు, రోడ్లు, కరెంటు స్తంభాలు, నీటి పైపులు అన్నీ అందులో రావాలి. తమ వాడకు అలాంటి నియమాలున్నాయని వచ్చి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరని ఇక్కడివాళ్లు అంటారు.

వీళ్లు అడిగేది మేడలు కాదు. “మాకు రెండంతస్తులు వద్దు, తోరణం కన్న ఎత్తు వద్దు. ఉన్న జాగల ఉన్నంతనే, పెంకుటిల్లు వేసుకుంటం,” అంటున్నారు మధ్యకోటవాళ్లు. రాతికోట గోడను తాకి ఉన్న ఇళ్లు వేరు, ఊరి నడుమ పాత వాడలో ఉన్న ఇళ్లు వేరు, రెంటినీ ఒకే గీతలో కట్టొద్దంటున్నారు. కూలే గోడకు వానాకాలం లోపే జవాబు రావాలంటున్నారు. తాతల పేరు మీది కాగితాలను ఒక్కసారి ఊళ్లోనే కూర్చుని సరిచేయమంటున్నారు. కదలక తప్పని ఇల్లుంటే పొలానికి నడిచిపోయే దూరంలో జాగా చూపి, కట్టిచ్చాకే కదలమనాలంటున్నారు. వచ్చే మిరుగు లోపు ఎవరైనా కొలతల టేపు పట్టుకుని మళ్లీ కోటలోకి వస్తే, తోరణం దగ్గరికి పోయే ముందు ఈ ఇళ్లలోకి రావాలి, తీసుకున్న కొలతల కాగితం ఒకటి ఇంటివాళ్ల చేతిలో పెట్టి పోవాలి.