సున్నిపిండి కాదు, సున్నుండ!
(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈవేళ నేను చెప్పబోయేది స్నానం నీళ్ళలో వేసుకునే ఉండల గురించి. వీటిని బాత్ బాంబులంటారు. పేరు విని కంగారు పడకండి! నీళ్ళలో వేయగానే బుస్సుమని పొంగి, కరిగి, కాస్త సువాసన ఇచ్చి ఊరుకుంటుంది, అంతే. 1989లో ఇంగ్లండులో మో కాన్‌స్టాంటిన్ అనే ఆవిడ, నీళ్ళలో వేస్తే పొంగే కడుపునొప్పి మాత్రను చూసి, అదే పద్ధతిలో వీటిని తయారుచేసిందట. ఇప్పుడు మన పట్నాల్లోనూ అమ్ముతున్నారు. ఇంట్లో చేసుకోవడం సులువే. చిక్కల్లా ఒక్కటే – ఉండ నిలవాలి.

ఆ చిక్కు ఎలాంటిదో మా ఇంట్లోనే తెలిసివచ్చింది. మాది విశాఖపట్నం. మా చిన్నకోడలు సరదాగా ఇవి చేయడం నేర్చుకుంది. తెలిసినవాళ్ళ ఇంట్లో పేరంటానికి 50 ఉండలు కావాలని అడిగితే, బయానా కూడా పుచ్చుకుంది. అది శ్రావణమాసం, ఒకటే ముసురు. ఉండలు కడుతుంటే పొడి రాలిపోతోంది. పక్కన కూర్చున్న నేను ఊరుకున్నానా? “ఏమిటమ్మాయ్, అలా పిసినారిగా చిలకరిస్తావు? సున్నిపిండి కలిపినట్టు ఇంకాస్త నీళ్ళు పొయ్యి” అన్నాను. పెద్దదాన్ని చెప్పానుకదా అని పోసింది. ఉండలు చక్కగా కుదిరాయి. తెల్లారి లేచి చూస్తే ఏముందీ? ఒక్కొక్కటీ పొంగి, పెచ్చులు లేచి, పళ్ళెమంతా పరుచుకుంది! పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బయానా తిరిగి ఇచ్చేశాం. తప్పు నాది.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. ఇందులో ముఖ్యమైన సరుకులు రెండు: వంటసోడా, నిమ్మఉప్పు – అంటే సిట్రిక్ ఆసిడ్. పొడిగా ఉన్నంతసేపూ రెండూ పక్కపక్కనే బుద్ధిగా ఉంటాయి. తడి తగిలిందో, కలియబడి కార్బన్ డయాక్సైడ్ వాయువును పుట్టిస్తాయి. గోలీసోడాలో బుడగలు అవేకదా. అంతటితో ఆగదండోయ్. ఆ కలయికలోంచి మళ్ళీ నీరే పుడుతుంది. ఆ నీరు పక్కనున్న పొడిని లేపుతుంది. అలా ఒకదాన్నిబట్టి ఒకటి. స్నానం నీళ్ళలో జరగవలసిన పొంగు, రాత్రే పళ్ళెంలో జరిగిపోతుందన్నమాట.

అందుకే ఇది సున్నిపిండి కాదు, సున్నుండ. సున్నుండకి నీళ్ళు పోస్తామా? నెయ్యి వేస్తాం, గట్టిగా నొక్కుతాం. ఇక్కడా అంతే. నెయ్యి బదులు కొబ్బరినూనె.

కొలత రాసుకోండి: వంటసోడా 200 గ్రాములు, నిమ్మఉప్పు 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 50 గ్రాములు, కొబ్బరినూనె 3 చిన్న చెంచాలు. బేకింగ్ పౌడర్ వాడకండి, అది వేరు. నిమ్మఉప్పు పలుకులుగా ఉంటే మెత్తగా పొడిచేసుకోవాలి. ఆ పొడి కంట్లో పడితే మండుతుంది, ముక్కుకు చేరితే దగ్గు వస్తుంది. కనుక ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఫాను ఆపి మరీ కలపండి. గిన్నె, చెంచా, మీ చేతులు పొడిగా ఉండాలి.

పొడులన్నీ జల్లించి కలిపి, నూనె కొంచెం కొంచెంగా వేస్తూ పుణికిళ్ళతో నలపండి. ఇప్పుడు పరీక్ష. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, బొటనవేలితో తాకితే పొడిగా విడిపోవాలి. ముద్ద నిలవకపోతే స్ప్రే సీసాతో ఒక్కసారి చిమ్మి, వెంటనే కలిపి, మళ్ళీ చూడండి. బుస్సుమన్న చప్పుడు వినిపించిందా, తడి ఎక్కువైనట్టే. ముసురు రోజుల్లో నీళ్ళకు బదులు మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ చిమ్మడం మేలు. అది తొందరగా ఆరిపోతుంది, పొంగు రాదు. అయితే అది అంటుకునే సరుకు, పొయ్యి దగ్గర వద్దు.

అచ్చు కోసం బజారుకు పరుగెత్తనక్కర్లేదు. స్టీలు ఇడ్లీరేకు గుంటల్లో కూరి, గట్టిగా అదిమితే సగం ఉండలు వస్తాయి. గుండ్రంగానే కావాలంటే రెండు గుంటగరిటెల్లో కూరి, పైన కాస్త వదులు పొడి పోగుపెట్టి, రెండూ కలిపి నొక్కండి. చదునుగా అదిమేసి అతికిస్తే నడిమికి విడిపోతాయి. అయిదు నిమిషాలాగి, మెల్లగా తట్టి తీసి, మెత్తటి గుడ్డమీద ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. స్నానాలగది దగ్గరా వద్దు, ఫ్రిజ్‌లోనూ వద్దు – బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. పూర్తిగా ఆరనివాటిని గాజుసీసాలో పెట్టి మూత బిగించకండి. లోపల వాయువు పెరిగి సీసా పగిలే ప్రమాదముంది.

పొడి రాలితే తడి తక్కువైందనో, నొక్కు చాలలేదనో అర్థం. బుడిపెలు లేస్తే తడి ఎక్కువైంది. చెడినవాటిని పారేయకండి. ఎండిన తర్వాత నలిపి డబ్బాలో పోసుకుంటే, స్నానానికి ఒక చెంచా చొప్పున పనికొస్తుంది. పొంగు కొంచెం తగ్గుతుంది, అంతే.

మన ఇళ్ళల్లో స్నానపు తొట్లెక్కడివండీ అంటారు. నిజమే. నిమ్మకాయంత ఉండ ఒక బకెట్టు గోరువెచ్చని నీళ్ళకు చాలు. చివర ఒకటి రెండు చెంబులు మంచినీళ్ళు పోసుకోండి. నూనె పడి నేల జారుతుంది, పెద్దవాళ్ళు వెళ్ళేలోపు కడిగేయడం మరవకండి. చంటిపిల్లలకు, పుండ్లూ దద్దుర్లూ ఉన్నవారికి ఇవి వద్దు. చక్కెరవ్యాధి ఉన్నవారు వీటితో పాదాలు నానబెట్టుకోరాదు. అత్తరు నూనెలైనా నాలుగు చుక్కలకు మించకూడదు, చర్మం మండుతుంది.

సంక్రాంతి వెళ్ళాక, గాలి పొడిగా ఉన్న రోజు చూసి, మా కోడలు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నేను పక్కనే కూర్చున్నాను గాని, నోరు మెదపలేదు. “అత్తయ్యగారూ, ముద్ద నొక్కి చూడండి” అని తనే నా చేతికిచ్చింది. నొక్కి చూశాను. అచ్చం సున్నుండే! ఆ పేరంటం ఇంటావిడకు డజను ఉండలు ఊరికే పంపించాం. మళ్ళీ ఆవిడే ముప్ఫయి కావాలని కబురు చేసింది.