ఇంకా అచ్చేస్తున్న 1401

అమెరికా గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు ఈ యంత్రానికి పడదు. అక్కడ సరఫరా సెకనుకు 60 సైకిళ్లది. ఇది జర్మనీలో 50 సైకిళ్లకు అలవాటుపడి బతికింది. అందుకని కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వాళ్లు దానికోసం ప్రత్యేకంగా ఒక కన్వర్టర్ పెట్టారు. అద్దాల వెనక బొమ్మలా నిలబెట్టదలిస్తే ఈ ఖర్చు అక్కర్లేదు. నడపాలనుకున్నారు గనుకే ఇంత తంటా.

అది ఐబీఎం 1401. 1959 అక్టోబరులో మార్కెట్‌కు ప్రకటించారు. నెల అద్దె 2,500 డాలర్ల నుంచి మొదలు. అప్పట్లో ఆ కంపెనీ యంత్రాలను అమ్మడం కన్నా అద్దెకివ్వడమే ఎక్కువ. మొదటి ఐదు వారాల్లోనే 5,200 ఆర్డర్లు వచ్చాయి. దాని జీవితకాలం మొత్తంలో అన్ని వస్తాయని కంపెనీ కూడా అనుకోలేదు. చివరికి 12,000కు పైగా తయారయ్యాయి. కంప్యూటరంటే విశ్వవిద్యాలయాలకూ సైన్యానికీ చెందిన వింత అనుకునే రోజుల్లో బీమా కంపెనీలు, బ్యాంకులు, మామూలు ఫ్యాక్టరీల జీతాల సెక్షన్లు దీన్ని తెచ్చుకున్నాయి.

ఇది సాధ్యమైంది ట్రాన్సిస్టర్ వల్ల. అంతకుముందు కంప్యూటర్లు వాల్వులతో నడిచేవి. గాజు బుడ్డిలో తీగ ఎర్రగా కాలితేగానీ వాల్వు పనిచేయదు. ఆ వేడిని తోడిపోయడానికి మళ్లీ పెద్ద ఏర్పాట్లు కావాలి, మాడిపోయిన వాటిని తరచూ మార్చాలి. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ట్రాన్సిస్టర్‌కు ఆ కొలిమి అక్కర్లేదు. అయినా ఐబీఎం ఇంజనీర్లు కొందరు వాల్వులను వదల్లేకపోయారు. కంపెనీ అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ ట్రాన్సిస్టర్ రేడియోలు కొనుక్కొచ్చి, నసిగినవాళ్లకు తలా ఒకటి చేతిలో పెట్టాడట. వాదించడం కన్నా అదే నయం!

1401లోని ట్రాన్సిస్టర్లు నేటి సిలికాన్‌వి కావు, జెర్మేనియంవి. ఒక్కొక్కటీ విడిగా కంటికి కనబడుతుంది. పేకముక్కంత కార్డుల మీద కొన్ని చొప్పున టంకం వేసి, ఆ కార్డులను వేలకొద్దీ చట్రాల్లో గుచ్చారు. జ్ఞాపకశక్తి మాత్రం ట్రాన్సిస్టర్లది కాదు. సన్నని తీగలకు పూసల్లా గుచ్చిన బుల్లి అయస్కాంత ఉంగరాలది. ఒక అక్షరానికి ఎనిమిది ఉంగరాలు. నాలుగు వేల అక్షరాల మెమరీ అంటే 32,000 ఉంగరాలన్నమాట. చదవగానే ఉంగరంలోని సమాచారం చెరిగిపోతుంది కాబట్టి వెంటనే తిరిగి రాయాలి. చదవడం, రాయడం రెండూ కలిపి సెకనులో పది లక్షలవ వంతులు 11.5 చాలు. ఇక ఆ నాలుగు వేలల్లోనే ప్రోగ్రామూ ఉండాలి, లెక్కా ఉండాలి. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని కూడా అందులో ఇమడ్చడం కష్టం. గుణకారం, భాగహారం కావాలంటే అదనపు అద్దె కట్టాలి!

కానీ నా లెక్కలో 1401ను గెలిపించింది దాని బుర్ర కాదు, 1403 అనే ప్రింటర్. అక్షరాల గొలుసొకటి కాగితం ముందు అడ్డంగా గిర్రున తిరుగుతూ ఉంటుంది. కాగితం వెనక 132 సుత్తులు. కావలసిన అక్షరం తన ముందుకు వచ్చిన క్షణంలోనే సుత్తి కొడుతుంది. నిమిషానికి 600 వరుసలు. గుమాస్తాలు పొద్దస్తమానం రాసే చిట్టా కాసేపట్లో కాగితాల దొంతరై బయటికొస్తుంది. సుత్తుల చప్పుడును అదుపులో పెట్టి దానిమీద పాటలు వాయించిన ప్రోగ్రామర్లూ ఉన్నారు. ఐస్‌లాండ్‌లో ఒక ఇంజనీరైతే 1401 వెదజల్లే తరంగాలను రేడియోతో పట్టి సంగీతంగా రికార్డు చేశాడు. ఆయన కొడుకు యోహాన్ యోహాన్సన్ 2006లో ఆ ధ్వనుల ఆధారంగా ఏకంగా ఒక ఆల్బమే చేశాడు.

మన దేశంలో దీని కథ ఇంత తీయగా లేదు. పశ్చిమాన వాడి వదిలేసిన 1401లను ఐబీఎం బొంబాయి కర్మాగారంలో బాగుచేసి ఇక్కడ అద్దెకిచ్చేది. రైల్వేలు, పెద్ద సంస్థలు తీసుకున్నాయి. పాత సామాను అంటగడుతున్నారన్న ఆరోపణ పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. విదేశీ వాటా తగ్గించుకోమన్న చట్టానికి ఒప్పుకోక ఐబీఎం 1978లో వెళ్లిపోయింది. ఆరోపణలో నిజముంది. ఆ పాత యంత్రాల మీదే మనవాళ్లలో ఒక తరం ప్రోగ్రామింగ్ నేర్చుకున్నదీ నిజమే.

మౌంటెన్ వ్యూలో ఇప్పుడు రెండు 1401లున్నాయి. ఒకటి జర్మనీది, రెండోది కనెటికట్ రాష్ట్రంలో ఒక కుటుంబం సొంత వ్యాపారానికి వాడుకున్నది. రిటైరైన ఇంజనీర్లు, ఒకప్పుడు ఇవే యంత్రాలను ఊరూరా తిరిగి రిపేరు చేసినవాళ్లు, ఏళ్ల తరబడి కూర్చుని వీటిని లేపారు. నడిపితే అరిగిపోతాయి, ఆపి ఉంచితేనే భద్రం అనే మ్యూజియం పెద్దలు ఉంటారు. వాళ్ల భయం అర్థంలేనిది కాదు. అయితే కదలని 1401 ఒక నీలిరంగు బీరువా మాత్రమే. దాన్ని ఎలా నడపాలో తెలిసిన చేతులు ఉన్నన్నాళ్లయినా నడపాలి. నడుస్తోంది గనుకే 2015లో కెన్ షిరిఫ్ అనే ఇంజనీరు దాని మీద మాండెల్‌బ్రాట్ అనే గణిత చిత్రం అచ్చు వేయించగలిగాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. బిట్‌కాయిన్ సంపాదించడానికి చేసే హాష్ అనే లెక్క కూడా చేయించాడు. ఒక్క హాష్‌కు 80 సెకన్లు! లాభం సంగతి అడగకండి.

మౌంటెన్ వ్యూ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లి, వారమంతా ఇంట్లో కూర్చుని విసుగెత్తిన అమ్మానాన్నలు ఒక పూట అటు వెళ్లి రండి. యంత్రాన్ని రోజూ నడపరు కాబట్టి ప్రదర్శన వేళలు ముందుగా కనుక్కోండి. మీ పేరు మీరే అట్టకార్డు మీద రంధ్రాలుగా పంచ్ చేస్తే 1401 చదివి అచ్చేసి ఇస్తుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలే వస్తాయి. కార్డుకు 80 గడులుంటాయి, ఇంటిపేరును పొడి అక్షరాల్లోకి కుదించాల్సిన పనిలేదు.