తల్లిని చూసి పిల్లను

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను కొనమన్నారు మన పెద్దలు. ఇవాళ నేను చెప్పబోయే సంగతికి ఈ సామెత అక్షరాలా సరిపోతుంది. పరీక్షలు అయిపోగానే మన ఇళ్ళలో పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తారు. ఇప్పుడు దానికోసం ఊరంతా తిరగనక్కరలేదు. సెల్‌ఫోను తెరిస్తే చాలు, బంతిలాంటి కుక్కపిల్లల ఫోటోలు వందలకొద్దీ వస్తాయి. కింద ధర ఉంటుంది, ఫోను నంబరు ఉంటుంది. డబ్బు పంపితే ఇంటికే తెచ్చి ఇస్తామంటారు. ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదాలేమిటో, వాటినుంచి ఎలా తప్పించుకోవాలో చెప్పుకుందాం.

మొదటి ప్రమాదం, అసలు కుక్కపిల్లే లేకపోవడం. ఫోటో ఎవరిదో, కుక్క ఎక్కడిదో. అవతలివాడు బజారు ధరలో సగమే చెబుతాడు. ఒక్కొక్కడు "మాకు బదిలీ అయింది, పిల్లను ఊరికే ఇస్తాం, దారిఖర్చులు పంపండి చాలు" అంటాడు. మనం అడ్వాన్సు పంపుతాం. మర్నాడు రవాణా ఆఫీసు నుంచి అంటూ ఇంకొకరు ఫోను చేస్తారు. ప్రత్యేకమైన బోను కావాలి, దానికింత కట్టండి, పిల్ల చేరగానే వాపసు ఇస్తామంటారు. తరువాత బీమా అంటారు, ఆ తరువాత డాక్టరు సర్టిఫికెట్టు అంటారు. చివరికి "పిల్ల విమానాశ్రయంలో ఆగిపోయింది, పొద్దుటినుంచి పాలు లేవు" అంటారు.

మోసమంతా ఈ చివరి మాటలోనే ఉందమ్మా. ఇదే చీర అయితే, పోతే పోయిందిలే అని ఊరుకుంటాం. ఆకలితో ఏడుస్తున్న ప్రాణి అనేసరికి మన మనసు ఆగదు. పక్కన మన పిల్లాడు "అమ్మా, పంపించవే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. వాడికి కావలసింది అదే. అందుచేత పిల్లను కళ్ళారా చూడనిదే ఒక్క రూపాయి కూడా పంపకండి. "వాపసు ఇస్తాం, ఈ కోడు స్కాన్ చేసి పిన్ నొక్కండి" అంటే అస్సలు నొక్కవద్దు. మన ఖాతాలో డబ్బు పడడానికి మన పిన్‌తో పనిలేదు. పిన్ నొక్కేది డబ్బు పోవడానికే.

రెండో ప్రమాదం, కుక్కపిల్ల నిజంగానే వస్తుంది, కాని రోగంతో వస్తుంది. ఇలా అమ్మే పిల్లలు చాలావరకు ఇరుకు బోనుల్లో పుట్టినవి. అక్కడ తల్లికుక్కకు విశ్రాంతి అనేది ఉండదు. కుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, చూలు తొమ్మిది వారాలు. ఎదకు వచ్చిన ప్రతిసారీ కట్టిస్తూ పోతే దాని ఒంట్లో ఏం మిగులుతుంది? నెల తిరిగీ తిరక్కముందే పిల్లలను తల్లినుంచి విడదీసి అమ్మేస్తారు. అప్పుడైతే ముద్దుగా ఉంటాయి, తిండిఖర్చు కలిసొస్తుంది.

అలా తొందరగా విడదీసిన పిల్లకు రెండు విధాల నష్టం. తోటి పిల్లలతో ఆడుకుంటూ ఎంత గట్టిగా కొరకవచ్చో, ఎక్కడ ఆగాలో అది నేర్చుకునేది ఆ వయసులోనే. ఆ పాఠం తప్పిపోతే రేపు మన పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. ఇక రెండోది పార్వో జబ్బు. 1978లో మొదటిసారి గుర్తించిన ఈ వైరస్ కుక్కపిల్లలకు యముడే. వాంతులు, నెత్తురు విరేచనాలు పట్టుకుని చూస్తుండగానే నీరసించిపోతాయి. వైరస్ సోకాక సాధారణంగా మూడునుంచి ఏడు రోజులకు గాని లక్షణాలు బయటపడవు. అందుకే అమ్మినవాడి దగ్గర గెంతులు వేసిన పిల్ల మన ఇంటికి వచ్చిన నాలుగోరోజున పడకేస్తుంది. వాడికి ఫోను చేస్తే "మా దగ్గర బాగానే ఉంది, మీరే ఏదో పెట్టారు" అంటాడు. ఈ జబ్బు మనుషులకు అంటదు. కాని వైరస్ ఇంటి ఆవరణలో నెలల తరబడి బతికి ఉంటుంది. కనుక డాక్టరును అడగకుండా, పిల్లాడు ఏడుస్తున్నాడు గదా అని, వెంటనే ఇంకో పిల్లను తేవద్దు.

"టీకాలన్నీ వేయించాం" అన్న మాటను నమ్మకండి, పుస్తకం చూపించమనండి. అందులో టీకా సీసా మీద ఉండే చీటీ అంటించి, తేదీ వేసి, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు. తరువాత కొన్ని వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు వచ్చేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు వేస్తారు. నలభై రోజుల పిల్లకు "అన్నీ అయిపోయాయి" అంటే అది అబద్ధమని మీకే తెలిసిపోతుంది.

ఈలోగా కుక్కపిల్ల కరిచినా, గోటితో రక్కినా, పిల్లదే కదా అని అశ్రద్ధ చేయకండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం పెట్టవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరినీ బతికించలేరు. ముందుగా సూదిమందు పడితే భయం లేదు.

మన దేశంలో దీనికి చట్టం లేకపోలేదు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్ర ప్రభుత్వం 2017లో నిబంధనలు చేసింది. అమ్మకానికి పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు ఏడాదికి ఒక్క కాన్పుకు మించి, జన్మలో అయిదు కాన్పులకు మించి ఉండకూడదు. కనుక రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నసిగితే అక్కడితో బేరం మానుకోండి.

ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ఇంకో అడుగు ముందుకు వేశారు. ఆరు నెలల లోపు పిల్లలను అక్కడ దళారులు అమ్మకూడదు. పెంచినవారే, పుట్టినచోటే, తల్లితో కలిపి చూపించి అమ్మాలి. దాన్ని లూసీ చట్టం అంటారు. లూసీ ఒక ఆడకుక్క పేరు. వేల్స్‌లో ఇలాంటి పెంపక కేంద్రంలో ఈనీ ఈనీ నడుము వంగిపోయి, 2013లో బయటపడింది. మన సామెతే అక్కడ చట్టమైందన్నమాట.

కొనదలచుకుంటే పట్టపగలు వాళ్ళ ఇంటికే వెళ్ళండి. బస్టాండులోనో, నాలుగు రోడ్ల కూడలిలోనో అందిస్తామంటే ఒప్పుకోకండి. తల్లిని చూపించమనండి. తల్లి పొదుగు, ఒళ్ళు చూడండి. అది పిల్లలను దగ్గరకు రానిస్తోందా, మనిషిని చూసి వణుకుతోందా గమనించండి. పిల్ల కళ్ళలో పుసి, ముక్కులో చీమిడి ఉండకూడదు. ఒళ్ళు బక్కచిక్కి పొట్ట ఒక్కటే ఉబ్బి ఉంటే నులిపురుగులు ఉండవచ్చు. నోరు తెరిచి చూడండి. ఎనిమిది వారాల పిల్లకు పాలపళ్ళు ఇరవై ఎనిమిదీ వచ్చి ఉండాలి. తెచ్చిన రోజో, మర్నాడో పశువైద్యుడికి చూపించండి. మంచుదేశపు హస్కీ కుక్కను తెచ్చి విజయవాడ ఎండల్లో పెట్టడం కూడా న్యాయం కాదు. మనకు కష్టం, దానికి నరకం.

కొనే తీరాలని లేదు కూడా. మన వీధుల్లో పుట్టే నాటుకుక్కపిల్లలు మన ఎండలకు, మన వాతావరణానికి అలవాటుపడినవి. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు దిక్కులేని కుక్కలను చేరదీసి, పెంచుకునేవారికి ఇస్తుంటాయి.

ఇప్పటికే ఎవరైనా మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచుకోకండి. ఇంట్లో ఏమంటారోనని ఆడవాళ్ళం చాలామందిమి మింగేసి ఊరుకుంటాం. వాళ్ళకు కావలసిందీ అదే. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారకుండా ఆపే వీలు అంత ఎక్కువ. వాడు పంపిన సందేశాలు, ఫోటోలు, డబ్బు పంపిన రసీదులు చెరిపేయకుండా ఉంచండి.

కుక్కపిల్ల ఇంటికి వస్తే పది పన్నెండేళ్ళు మనతో ఉంటుంది. దానికోసం పది పన్నెండు రోజులు ఆగి, తిరిగి, చూసి తెచ్చుకుంటే తప్పులేదు. ఆ తిరగడానికి మీ పిల్లలను కూడా వెంట తీసుకువెళ్ళండి. తల్లి పక్కన పాలు తాగుతున్న పిల్లను చూసి, "ఇంకో మూడు వారాలు ఆగి తెచ్చుకుందాం" అని వాళ్ళే అంటారు. సెలవు.